కల్బా ఉప్పుటేటికి ఒక రోజు: పోటూ పాటూ చూసుకుని బయల్దేరండి

గల్ఫ్‌లో పదేళ్లున్న మనవాళ్లని అడిగి చూడండి, "ఇక్కడ చూడ్డానికేముంది, ఇసుకా మాల్సూ" అంటారు. నేనూ అదే అనేవాణ్ని. షార్జాలో నా గదికి గంటన్నర దూరంలో ఒక మడ అడవి ఉందని తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అందులో చెట్టు మన కాకినాడ దగ్గర కోరంగిలో పెరిగే తెల్ల మడే అని తెలిసి, తర్వాతి సెలవు రోజునే ఉరికాను. జూన్ నెల, మిట్టమధ్యాహ్నం, పైగా నిండు పోటు. నీళ్లలో మునిగిన ఆకుపచ్చ తుప్పలు తప్ప ఏమీ కనపడలేదు. ఒక్క పిట్ట లేదు, ఒక్క పీత లేదు. "దీనికోసమా పెట్రోలు తగలేశావు" అని పక్క సీట్లో రూమ్మేట్ తిరుగు ప్రయాణం మొత్తం సాధించాడు.

మీకా గతి పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు కల్బా ఎక్కడో చూద్దాం. ఎమిరేట్స్ మ్యాప్‌లో దుబాయ్, షార్జా, అబుదాబి ఉన్నది పడమటి తీరం. హజర్ కొండలు దాటి తూర్పుకి వస్తే ఒమాన్ సింధుశాఖ. అక్కడ ఫుజైరా నగరానికి దక్షిణంగా, ఒమాన్ సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు కల్బా. భూమి మీద షార్జాకి దూరంగా ఉన్నా పాలన మాత్రం షార్జాదే. ఊరికి దక్షిణాన సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయని ఖోర్ కల్బా అంటారు. 'ఖోర్' అంటే మన ఉప్పుటేరు అనుకోండి, సరిపోతుంది.

నెల ఎంచుకోండి

అక్టోబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా. ఇందులో బేరమాడొద్దు. వేసవిలో ఈ తీరంలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ చంపుతుంది, అద్దాల మీద ఆవిరి పట్టి బైనాక్యులర్ కూడా పనిచేయదు. పైగా చలికాలం వలస పక్షుల కాలం. ఉల్లంకులు, సముద్రకాకులు, మన చెరువు గట్ల మీద నిలబడే గుడ్డి కొంగ కూడా ఆ నెలల్లోనే కనిపిస్తాయి.

వాన సూచన ఉన్న రోజున మాత్రం వెళ్లొద్దు. కొండల మీద కురిసిన నీరంతా వాదీల్లోంచి, అంటే ఎండిన కొండవాగుల్లోంచి, ఒక్కసారిగా ఊరి మీదికి దిగుతుంది. 2022 జులై చివర్లో రెండు రోజుల్లో ఫుజైరా ఓడరేవు దగ్గర 250 మిల్లీమీటర్లకి పైగా వాన పడి ఫుజైరా, కల్బా వీధుల్లో కార్లు తేలాయి, మనుషులు పోయారు. మన గోదావరి వరద రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది, చెప్పి వస్తుంది. వాదీ వరద చెప్పి రాదు. ఎండిన వాగులో కారు ఆపి టీ తాగడం లాంటి సరదాలు ఇక్కడ వద్దు.

పోటూ పాటూ చూసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన అంచె ఇదే. ఫోన్‌లో ఫుజైరా పోటుపాట్ల పట్టిక వెతకండి, కల్బాకీ అదే సరిపోతుంది. రోజుకి రెండుసార్లు నీరు పెరుగుతుంది, అది పోటు; రెండుసార్లు తగ్గుతుంది, అది పాటు. ఇవాళ ఉదయం 8 గంటలకి పూర్తి పాటు ఉంటే రేపు అది దాదాపు ఒక ముప్పావు గంట ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పున్నమికీ ఎక్కువ దూరం బురద బయటపడుతుంది. ఈ సంగతి తీరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో పంచాంగం ఉంటే చాలు.

మీకు కావాల్సింది ఉదయం 8 నుంచి 10 లోపు పూర్తి పాటు వచ్చే సెలవు రోజు. 2022 జనవరి నుంచి షార్జా ప్రభుత్వ కార్యాలయాలకి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. మనలో చాలామందికి దొరికేది మాత్రం ఒక్క ఆదివారమే. నెలలో అలా కుదిరే ఆదివారాలు మహా అయితే ఒకటో రెండో ఉంటాయి. వాటిని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, మిగతా వాటిని బట్టలుతుక్కోడానికి వదిలేయండి.

పాటుకి గంటన్నర ముందే అక్కడుండాలి. నీరు తగ్గుతున్నప్పుడే సందడంతా. బురద బయటపడుతుంటే పీతలు బొరియల్లోంచి పైకొస్తాయి, వాటి కోసం పక్షులు కిందికి దిగుతాయి. పూర్తిగా తగ్గి అరగంట గడిచాక అందరూ తిని కునుకు తీస్తున్నట్టుంటుంది.

దారి

సొంత కారుంటే షార్జా నుంచి మలీహా మీదుగా వెళ్లే ఈ-102 రోడ్డు మేలు. బస్సయితే దుబాయ్ యూనియన్ స్టేషన్ నుంచి ఫుజైరాకి ఈ-700 ఉంది, అక్కడి నుంచి ట్యాక్సీ. కానీ బస్సులో వెళ్తే ఉదయపు పాటు అందదు, సాయంత్రం పాటున్న రోజు చూసుకోండి.

ఈ-102 మీద కొండల్లోకి దిగాక వాదీ అల్ హిలూ వస్తుంది. 'హిలూ' అంటే తీపి, అంటే ఇక్కడ నీళ్లు తియ్యన. ఈ లోయలో కంచుయుగం నాటి రాగి కరిగించిన చోట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. చూడాలనిపిస్తే వచ్చేటప్పుడు ఆగండి. వెళ్లేటప్పుడు ఆగితే పాటు మీకోసం ఆగదు.

ఒక జాగ్రత్త. ఖోర్ కల్బా దాటి రోడ్డు నేరుగా ఖత్మత్ మలాహా సరిహద్దు చెక్‌పోస్టుకి పోతుంది. ఫోన్‌లో మ్యాప్ ఒక్కోసారి అటే తోలుతుంది. బోర్డుల మీద ఒమాన్ పేరు కనిపించగానే వెనక్కి తిప్పుకోండి. చెక్‌పోస్టు దగ్గర ఫోటోలు అసలు తీయొద్దు. డ్రోన్ సంగతి ఇంట్లోనే మర్చిపోండి, దానికి విడిగా అనుమతి కావాలి.

ఏటి దగ్గర

ఇది రక్షిత ప్రాంతం. షార్జా పర్యావరణ, రక్షిత ప్రాంతాల సంస్థ చూసుకుంటుంది. 2013లో దీన్ని రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, అంటే మన కొల్లేరున్న జాబితాలోనే. ఒకప్పుడు జీపులు బురద దాకా తోలుకొచ్చి చెట్ల కింద మాంసం కాల్చుకునేవాళ్లు, ఇప్పుడు కంచె ఉంది. సందర్శకుల కోసం కట్టిన కేంద్రం ద్వారానే లోపలికి వెళ్లాలి. నేల మీద సముద్రపు ఉర్చిన్ (ఒంటినిండా ముళ్లున్న గుండ్రటి జీవి) డొప్పలు బోర్లించినట్టు గుండ్రటి తెల్లటి గదులు కనిపిస్తాయి, అదే. వేళలూ టికెట్టూ బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి, మారుతుంటాయి.

వీలైతే ఉదయం సముద్రం వైపు గట్టు మీద నిలబడి పడమరగా చూడండి. పొద్దు మీ వీపు వెనక సముద్రంలోంచి లేస్తుంది, చెట్ల మీద వెలుగు సూటిగా పడుతుంది. అవతలి గట్టు నుంచి చూస్తే కళ్లలోకి ఎండ కొట్టి పిట్టలన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి.

ఇక చూడటం మొదలుపెట్టండి. పిట్టల కోసం వెంటనే తల పైకెత్తొద్దు, ముందు చెట్టుని చూడండి. అరబ్బులు దీన్ని ఖుర్మ్ అంటారు. చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు నిటారుగా లేచినవి వేళ్లే, బురదలో గాలాడదు కాబట్టి చెట్టు వాటితో ఊపిరి పీలుస్తుంది. నడక దారి మీదికి వంగిన కొమ్మ ఉంటే ఆకుని తెంపకుండా తిప్పి చూడండి. సన్నటి తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. తాగిన ఉప్పునీటిలోంచి ఉప్పుని ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఇవేవీ కొత్త కాదు, కోరంగి చెక్కవంతెన మీద నడిచినవాళ్లు చూసే ఉంటారు. కాకపోతే వెనక్కి తిరిగితే గడ్డిపరక లేని రాతికొండలు. పచ్చని ఏరుకీ ఆ బోడి కొండలకీ మధ్య నాలుగడుగులు కూడా లేవన్నట్టుంటుంది, అదే నన్ను మళ్లీ మళ్లీ రప్పించింది.

ఈ అడవి గురించి ప్రచార కాగితాల్లో రాసేవన్నీ నమ్మొద్దు. "ప్రపంచంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న మడ అడవి" అని కొందరు రాస్తారు, అది తప్పు. ఇరాన్ తీరంలో, ఈజిప్టు సినాయిలో ఇంకా ఉత్తరాన ఉన్నాయి. అలాంటి గొప్పలు లేకపోయినా ఈ ఏటికి లోటేమీ లేదు.

బురదని చూడండి. ఒక కొండి పెద్దది, ఒకటి బుల్లిది ఉన్న పీతలు వందల్లో ఉంటాయి. పెద్ద కొండి మగవాటికే, దాన్ని పైకీ కిందికీ ఊపుతూ రమ్మని పిలుస్తున్నట్టు చేస్తాయి. మీ నీడ పడితే చాలు, అన్నీ ఒకేసారి మాయం. కదలకుండా నాలుగు నిమిషాలు నిలబడితే ముందు కళ్లు, తర్వాత కొండి, తర్వాత మొత్తం పీత బయటికొస్తుంది.

వాటి మధ్య వేలెడంత పొడుగు, కోసుగా ఉన్న నల్లటి నత్త కనిపిస్తే కాస్త ఆగండి. మన మడల్లోనూ ఇలాంటి పొడుగు గుల్లలుంటాయి, సున్నం కాల్చడానికి ఏరేవాళ్లు. ఈ తీరంలో వేల ఏళ్ల కిందట మనుషులు తిని పారేసిన గుల్లల గుట్టల్లో ఇవే కుప్పలు కుప్పలు దొరుకుతాయి. అప్పట్లో ఎమిరేట్స్ రెండు తీరాల్లోనూ ఉండేవి. ఇప్పుడు ఈ దేశంలో అవి బతికున్నది ఖోర్ కల్బాలోనే. నాకు కోట కంటే, మ్యూజియం కంటే ఈ నత్తే పాత చరిత్ర. తొక్కకుండా నడవండి, గుల్ల బాగుంది కదా అని జేబులో వేసుకోకండి.

ఇప్పుడు తల ఎత్తండి. మీరు వచ్చింది ఎవరి కోసమో అది ఇక్కడే ఎక్కడో ఉంటుంది. లకుముకి పిట్టల్లో మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉండే జాతి ఒకటుంది. ఒడిశా భితర్‌కనికా మడల నుంచి ఆస్ట్రేలియా వైపు దాకా దాని చుట్టాలున్నారు. అరేబియాలో మాత్రం దానికో విడి శాఖ ఉంది, శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరే దానికి పెట్టారు: కల్బాఎన్సిస్. ఇక్కడా, పక్కనే ఒమాన్‌లో కొన్ని ఉప్పుటేళ్లలోనూ తప్ప మరెక్కడా లేదు. మొత్తం జతలు వందల్లో కాదు, పదుల్లో లెక్క.

కనిపెట్టడం ఎలా? ముందు చెవితో. కీచుమని వరసగా మూడు నాలుగు అరుపులు వినపడితే ఆ దిక్కున బురద అంచు మీదికి వంగిన కొమ్మలు చూడండి. పైన నీలం కలిసిన ఆకుపచ్చ, కింద మల్లెపూవంత తెలుపు. ఇది చేపల కంటే పీతల్నే ఎక్కువ తింటుంది. నేను సరిగ్గా చూసింది మూడో ప్రయాణంలో. కొమ్మ మీద రాయిలా కూర్చుని ఉంది. పది నిమిషాలు మెడ కూడా తిప్పలేదు. ఉన్నట్టుండి బురద మీదికి జారింది, తిరిగి అదే కొమ్మ మీదికొచ్చింది, ముక్కున పీత. దాన్ని అటొకసారి ఇటొకసారి కొమ్మకేసి కొట్టింది. అచ్చంగా చాకిరేవులో బండ మీద బట్ట బాదినట్టే. కాళ్లు ఒక్కొక్కటే ఊడి కింద పడ్డాయి. ఆ కాళ్ల కోసం కింద ఇంకో పీత వచ్చింది. తర్వాత పిట్ట మిగిలినదాన్ని మింగి, మళ్లీ రాయైపోయింది.

ఇది గూడు పెట్టేది ముసలి మడచెట్ల తొర్రల్లో. కొత్త మొక్కలు ఎన్ని నాటినా వాటికి తొర్ర పడాలంటే దశాబ్దాలు కావాలి. ఈ కంచె ఎందుకో అర్థమైంది కదా. ఫోన్‌లో దాని కూత వినిపించి పిట్టని దగ్గరికి రప్పించే సరదా కొందరికుంటుంది. వద్దు. అది తన జాగాలోకి ఇంకోటి వచ్చిందనుకుని తిండి మానేసి వెతుకుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. బూడిదరంగు కొంగ, పక్కనే తెల్ల కొంగ ఒకేలా వేటాడుతుంటే రెండు జాతులని రాసుకోకండి, రీఫ్ కొంగల్లో రెండు రంగులూ ఉంటాయి. చేపల గద్ద పైన తిరుగుతుంటుంది. పోటులో ఏటి నోటి దగ్గర నీటి మీద గుండ్రటి తల ఒక్క క్షణం లేచి మునిగితే అది పచ్చ తాబేలు, మేతకొస్తుంది. ఊళ్లో కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపిస్తే తెలంగాణవాళ్లు దసరాకి ఊరెళ్లలేదని బాధపడక్కర్లేదు, ఎమిరేట్స్‌లో అది ఏడాది పొడుగునా ఉంటుంది. కళ్లకద్దుకుని ముందుకి నడవండి.

ఊళ్లోకి

పది దాటాక ఎండెక్కుతుంది, ఊళ్లోకి వచ్చేయండి. మలయాళీల హోటల్లో పరోటా, కరక్ చాయ్ కానిచ్చి కోట దగ్గరికి వెళ్లండి. దానికి ఎదురుగా షేక్ సయీద్ బిన్ హమద్ అల్ ఖాసిమీ ఇల్లుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన ఈ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. బోర్డులు చదువుకుంటూ పోతే అరగంటలో అయిపోతుంది. కానీ ఈ కథ తెలిసి వెళ్తే గోడలు వేరేగా కనిపిస్తాయి.

ఇక్కడ మనుషులున్నది నిన్నా మొన్నా కాదు. 1990ల్లో బ్రిటన్ పురావస్తు నిపుణులు ఊరి దగ్గర తవ్వితే కంచుయుగం నాటి బురుజు బయటపడింది. ఏటిలో చేప, మడ కట్టె, ఒంటెలకి ఆకు, వెనక తోటల్లో ఖర్జూరం. ఇంకేం కావాలి. 1622లో హొర్ముజ్ దీవి చేజారాక పోర్చుగీసువాళ్లు ఈ తీరాన్ని గట్టిగా పట్టుకున్నారు, 1624లో కల్బా వాళ్ల చేతికి చిక్కింది. వాళ్ల రాతల్లో ఇది 'క్వెల్బా'.

అసలు తమాషా ఇరవయ్యో శతాబ్దంలో జరిగింది. బ్రిటిష్ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు లండన్ నుంచి ఇండియాకి వస్తూ 1932 నుంచి షార్జాలో దిగేవి. వాతావరణం బాగోలేక అక్కడ దిగడం కుదరకపోతే? కొండలకి ఇవతల ఇంకో చోటు కావాలి. కల్బా మీద కన్ను పడింది. షేక్ సయీద్ తన ఊరు షార్జా కింద కాదు, విడి రాజ్యం అంటూ చాలాకాలంగా పట్టుపడుతున్నాడు. సరే, విమానం దిగడానికి చోటిస్తే గుర్తిస్తాం అన్నారు బ్రిటిష్‌వాళ్లు. 1936లో కల్బా విడి రాజ్యమైంది. మన దేశానికి ఉత్తరాలు మోసుకొచ్చే విమానం పుణ్యమా అని ఒక రాజ్యం పుట్టింది. ఆ మరుసటేడే సయీద్ పోయాడు, కొడుకు హమద్ ఇంకా పిల్లవాడు. కొంతకాలం బారూత్ అనే బానిస ఊరి వ్యవహారాలు చూశాడు. ఆ కాలంలో బానిసకి అంత పెత్తనమంటే షేక్ ఇంట్లో వాడి మీదెంత నమ్మకముండాలో. 1951లో యువ షేక్ హమద్ హత్య అయ్యాడు, 1952లో కల్బా మళ్లీ షార్జాలో కలిసిపోయింది. పదహారేళ్ల రాజ్యం. ఈ ఇంటి వరండాలో నిలబడి ఇది ఒకసారి గుర్తుచేసుకోండి.

1972లో, ఎమిరేట్స్ దేశం ఏర్పడిన కొద్ది నెలలకే, కల్బావాళ్లకీ ఫుజైరావాళ్లకీ పావు ఎకరం నేల మీద కొట్లాట వచ్చి ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. కొత్త దేశపు సైన్యం వచ్చి నిలబడితే గానీ ఆగలేదు. గట్టు తగాదాలు మన పల్లెల్లోనే ఉంటాయనుకునేవాళ్లకి ఈ ముక్క.

తీరం మీద సాయంత్రం

సాయంత్రం ఇసుక మీద నడవండి. అదృష్టం బాగుంటే జాలర్లు వల లాగుతూ కనిపిస్తారు. మన అలివి వల లాంటిదే, ఒక కొస ఒడ్డున ఉంచి, పడవతో చుట్టూ తిప్పి రెండో కొస ఒడ్డుకి తెస్తారు. తేడా ఏమిటంటే మన దగ్గర పదిహేను మంది లాగేదాన్ని ఇక్కడ రెండు పికప్ బండ్లు లాగుతాయి. ఫోటో తీయాలంటే అడిగి తీయండి, కాదనరు. ఈ తీరంలో పాతకాలపు పడవ షాషా. పలకలు లేవు, ఖర్జూరపు మట్టల ఈనెలు కట్టలుగా కట్టి చేసేవాళ్లు. లోపలికి నీళ్లొస్తాయి, అయినా మునగదు. మన తెప్పకి బంధువు.

మీరు వెళ్లింది శుక్రవారమైతే ఫుజైరా తీరంలో సాయంత్రం ఎద్దుల పోటీ ఉంటుంది. మనిషి దిగడు, ఎద్దూ ఎద్దూ కొమ్ములు పెట్టి నెట్టుకుంటాయి, వెనక్కి తగ్గినది ఓడినట్టు. తాళ్లు పట్టుకుని నలుగురు నిలబడతారు గానీ తాడు జారిన ఎద్దు మీవైపే రావచ్చు. పిల్లల్ని కారు దగ్గరే ఉంచండి.

సూర్యాస్తమయం కోసం సముద్రం వైపు కుర్చీ వేసుక్కూర్చోకండి. ఇది తూర్పు తీరం, కాకినాడలాగే. పొద్దు కొండల వెనక గుంకుతుంది, అందుకే వెలుగు త్వరగా పోతుంది. నాలుగున్నరకల్లా బూట్ల బురద అక్కడే కుళాయి కింద కడిగేసుకోండి. ఉప్పు బురద ఎండితే కారు మ్యాట్ నుంచి వారం దాకా వదలదు, వాసన అంతకంటే ఎక్కువ రోజులుంటుంది. మా రూమ్మేట్ ఇప్పటికీ అదే అంటాడు. కాకపోతే ఇప్పుడు పాటు వేళలు చూసి నన్ను నిద్ర లేపేది వాడే.